చచ్చే వేషం

1994 జూలై 5, మంగళవారం

ఈ రోజు సేఠీకి క్లైమాక్స్ వినిపించాను. విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నీ చెయ్యి ఇంకా పడిపోలేదు మున్షీ" అన్నాడు. డైరెక్టరుగారి మెప్పు! ముప్ఫై ఏళ్లుగా నా మాటల మీద బతికినవాడు. పోస్టరు మీద నా పేరు సినిమా సినిమాకీ కుదించుకుంటూ వచ్చి, ఇప్పుడు ఆ పోస్టరు అచ్చేసిన ప్రెస్సు పేరు పక్కన కూర్చోబెట్టినవాడు. వాడి మెప్పు నాకు అక్కర్లేదు. అయినా రాసి పెట్టుకుంటున్నాను.

కథ మామూలే. అమర్, సూరజ్ ప్రాణస్నేహితులు. ఇద్దరూ నందినినే ప్రేమిస్తారు. సూరజ్ తప్పుకుని వాళ్లిద్దరినీ ఊరు దాటిస్తాడు. వాళ్లెక్కడున్నారో చెప్పనందుకు శత్రువుల చేతిలో చస్తాడు. నలభై ఏళ్లుగా ఈ బొంబాయిలో దీన్నే తిప్పి తిప్పి రాస్తున్నాను. ఇద్దరు హీరోల సినిమాకి ఒకటే ధర్మం. అమ్మాయి ఒకడికి, చావు ఇంకొకడికి. అమ్మాయి దక్కినవాడే గెలిచాడని బయటివాళ్లు అనుకుంటారు. జనం హాలు బయటికి ఎవడి కోసం ఏడుస్తూ వస్తారో వాడే గెలిచాడని మా లైన్లో వాళ్లకు తెలుసు. పెద్ద పెద్ద హీరోలు ఖార్‌లో ఈ ఇంటికి వచ్చి, మా ఆవిడ సత్వంత్ చేతి పరాఠాలు తిని, నా మోకాళ్లు పట్టుకుని అడిగారు, చావు నాకివ్వండి మున్షీజీ అని.

ఈసారి ఆ చావు తనదేనని విక్కీ అనుకుంటున్నాడు. పెద్ద హీరో కదా. పోయిన నెల నన్ను మేకప్ గది బయట పొద్దంతా స్టూలు మీద కూర్చోబెట్టి, లోపల పేకాడుకున్నాడు. అందుకే చావు రెండో హీరో మిలింద్‌కి రాశాను. విక్కీకి పెళ్లి చేశాను. చేసుకోనీ.

మిలింద్ మీద ప్రేమతో రాయలేదు. వాడు నిర్మాత మేనల్లుడు, అంతే. రోజూ పొద్దున్నే వచ్చి నా దగ్గర ఉర్దూ మాటలు పలకడం నేర్చుకుంటాడు. నాలుక తిరగదు. సత్వంత్ చేసిన రాజ్మా మాత్రం బాగా తిరుగుతుంది ఆ నోట్లో. ప్రతి మంగళవారం లాల్‌బాగ్ నుంచి ప్రభాదేవి గణపతి గుడికి చెప్పుల్లేకుండా నడిచి వెళ్తాడు. ఆ నడకనే సీనులో పెట్టాను. అలవాటైన పని అయితే నటించడం తేలిక కదా.

జూలై 8, శుక్రవారం

ఈ పేజీ నిండా సిరా మరకలే. పాళీ బాగోలేదు, మరేం కాదు.

నిర్మాత తాత్యా పావ్‌సకర్‌కి కథ చెప్పడానికి వెళ్లాం, సేఠీ, నేను. లాల్‌బాగ్‌లో తాలింఖానా అనే కసరత్తుశాల మీద గది. కింద కుర్రాళ్లు ఇనుము ఎత్తుతున్నారు. తాత్యాది కేబుల్ వ్యాపారమని అందరూ అంటారు. అనేవాళ్లెవరూ గొంతు పెంచి అనరు. తలుపు దగ్గర ఆయన చెల్లెలు శేవంతీబాయి, మిలింద్ తల్లి. కిటికీ దగ్గర గావ్డే మాస్టరు, తాత్యా మనిషి. ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు నేర్పేవాడట.

నేను కథ చెప్పడం మొదలుపెడితే నోటితోనే వయొలిన్లు కూడా వాయిస్తాను. మంగళవారం, చెప్పుల్లేని కాళ్లు, చేతిలో మందారాలు, గుడి కింది మెట్టు, మోటారుసైకిలు మీద ఇద్దరు. వీపులో తూటా. వాడి కోసం అమర్‌తో ఊళ్లోకి తిరిగొచ్చిన నందిని పరిగెత్తుకొచ్చి సూరజ్ తల ఒళ్లోకి తీసుకుంటుంది. కళ్లు మూసుకుని ఆగాను. మామూలుగా అక్కడ ఎవరో ఒకరు ముక్కు చీదుతారు. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరిస్తే శేవంతీబాయి లేదు.

"మంగళవారమే ఎందుకు?" అన్నాడు తాత్యా.

"గణపతి వారం కదా అని."

"చెప్పుల్లేకుండా?"

"మొక్కు కదా..."

"కింది మెట్టు మీదే ఎందుకు? పై మెట్టు దగ్గర పోలీసు ఉంటాడని నీకెవరు చెప్పారు?"

పై మెట్టు దగ్గర పోలీసు ఉంటాడని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"మా డ్రైవరు గణ్యాని పోయిన నెల దాదర్‌లో వేసేశారు. బండి మీద ఇద్దరు. నువ్వు రాసింది కూడా బండి మీద ఇద్దరే. ఎవరి మనిషివి నువ్వు?"

"నేను రైటర్ని, తాత్యా."

"అదే అడుగుతున్నా. ఎవరి రైటరువి?"

 ఉన్నది చెప్పాను. వేషాల్లోకెల్లా పెద్ద వేషం ఇది, హీరోలు దీనికోసం కొట్టుకుంటారు, మీవాడికి చావు ఇవ్వడం గౌరవం అని. ఆ మాట ఆ గదిలో ఎలా వినిపిస్తుందో నోటినుంచి బయటపడ్డాక తెలిసింది.

"చావిచ్చావా? మావాడికి? గౌరవంగా?" తాత్యా నవ్వాడు. "మాస్టర్, విన్నావా? మనం ఇన్నాళ్లూ జనానికి చేస్తున్నది గౌరవమట."

గావ్డే నవ్వలేదు. సేఠీ సీలింగు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

జూలై 9

నాకు భయం లేదు.

జూలై 10, ఆదివారం

గావ్డే మాస్టరు ఇంటికి వచ్చాడు, ఒక సీసా కోకం షర్బతు పట్టుకుని. చెప్పులు బయట వరసగా విప్పి వచ్చాడు. సత్వంత్ టీ ఇస్తే, "చక్కెర సరిపోయింది వహినీ" అని వదిన వరస కలిపి మెచ్చుకున్నాడు. నా పుస్తకాల బీరువా ముందు నిలబడి అడిగాడు.

"ఇవన్నీ చదివారా సార్?"

"చాలావరకు."

"అయితే తెలివైనవారే. మంగళవారం అని మీకు ఎవరో చెప్పారు. ఆ మనిషి ఎవరో మీరు చెప్తే చాలు సార్, మీకేం ఇబ్బంది ఉండదు."

"మిలిందే చెప్పాడు. రోజూ వస్తాడుగా!"

"అలాగే అనుకుందాం. శుక్రవారం లోపల కథ మార్చండి. బాబు బతకాలి, అమ్మాయి బాబుకే దక్కాలి. తాత్యా మంచివారు సార్, రెండోసారి అడగరు."

వెళ్తూ వెళ్తూ మా ఇంటికి వెనక మెట్లు ఉన్నాయా అని సత్వంత్‌ని అడిగాడు. ఆవిడ ఉన్నాయని చెప్పడమే కాదు, తీసుకెళ్లి చూపించింది కూడా.

"ఎంత మర్యాదస్తుడండీ," అంది. "మీ సినిమావాళ్లలో ఇలాంటి మనిషిని మొదటిసారి చూశాను."

రష్యన్ నవలల్లో ఖైదీలు గోడలకేసి చూస్తూ తాత్త్విక చింతన చేస్తారు. అబద్ధం. నేను మధ్యాహ్నమంతా వెనక తలుపు గొళ్లెం చూస్తూ కూర్చున్నాను. చింతన ఏమీ రాలేదు.

జూలై 11, సోమవారం

సేఠీ ఆఫీసుకి వెళ్లాను. ఇద్దరం కలిసి తాత్యాకి నచ్చజెబుదాం అన్నాను.

"చూడు మున్షీ, మంగళవారం సంగతి నాకు తెలియదని ఫోన్ చేసి చెప్పేశాను. తెలియదు కూడా. నువ్వే కదా రాసుకొచ్చావ్."

"నువ్వు విని మెచ్చుకున్నావు. కళ్లు తుడుచుకున్నావు."

"కళ్లజోడు తుడుచుకున్నాను."

"ముప్ఫై ఏళ్లు, సేఠీ."

"అవును, ముప్ఫై ఏళ్లుగా చెప్తున్నా, నీకు మనుషులతో మాట్లాడ్డం రాదని. విక్కీకి కూడా చెప్పేశా, చచ్చేది తనేనని. ఎగిరి గంతేశాడు. ఇంకెందుకు గొడవ? మార్చి పారెయ్."

వాడి మొదటి సినిమాకి టైటిలు పెట్టింది నేను. వాడి పెళ్లి పత్రిక రాసింది నేను. వాడి తమ్ముడు పోతే పేపర్లో వేసిన నాలుగు వాక్యాలూ నావే. ఇవన్నీ ఒకరోజు సావకాశంగా రాయాలి. ఈ రోజు కాదు. వీధి చివర మోటారుసైకిలు ఒకటి చాలాసేపటి నుంచి ఆగి ఉంది.

జూలై 12, మంగళవారం

మోటారుసైకిలు పాలవాడి బావమరిదిదట.

మిలింద్ గుడి నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చాడు. నుదుట కుంకుమ, పాదాలకు వాన బురద. ప్రసాదం పాలకోవా నా చేతిలో పెట్టి నేల మీద కూర్చున్నాడు.

"మున్షీజీ, నేను చచ్చిపోవాలి."

"కుర్చీ ఉంది. దాని మీద కూర్చుని చెప్పు."

"నవ్వకండి. మామ పుణ్యమా అని వేషం దొరికిందని యూనిట్లో లైట్‌బాయ్ కూడా అంటున్నాడు. ఆ మెట్ల మీద ఒక్కసారి చస్తే ఇంకెవరూ అనరు."

"బతికి పెళ్లి చేసుకో. పాట కూడా ఉంటుంది."

"విక్కీ సాబ్ చస్తుంటే నేను నందినిని చేసుకుంటానా? హాల్లో ఈలలు వేస్తారా, చెప్పులు విసురుతారా? మీరే చెప్పండి."

చెప్పులే. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. స్నేహితుడి చితి పక్కన పెళ్లాడినవాడిని ఈ దేశంలో ఏ ప్రేక్షకుడూ క్షమించలేదు. మళ్లీ ఇంకో వేషం రాదు. ఇక మామ వ్యాపారమే మిగులుతుంది వాడికి.

"మీ మామతో నువ్వే చెప్పుకో," అన్నాను.

"ఆయన ముందు నాకు మాట రాదు. మాటలు మీకు కదా వచ్చు."

పొమ్మన్నాను. గట్టిగానే అన్నాను. వెళ్తూ నా పాదాలు ముట్టుకున్నాడు. వాడి మీద నాకేం ప్రత్యేకమైన అభిమానం లేదు. నా ప్రాణం నాకు ముఖ్యం. ఎవరికైనా అంతే.

జూలై 13

మార్చేశాను. సూరజ్ బతికాడు. ఇంత చెత్త నా జన్మలో రాయలేదు.

జూలై 14, గురువారం

శేవంతీబాయి టాక్సీలో ఒంటరిగా వచ్చింది. నాతో మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి సత్వంత్ పక్కన చాప మీద కూర్చుని బఠానీలు ఒలవడం మొదలుపెట్టింది. నన్ను చంపడానికి ముందు ఇలాంటిదేమైనా చేస్తారేమోనని గుమ్మంలోనే నిలబడ్డాను.

"మా వాడు చచ్చే కథ ఇంకోసారి చెప్పండి," అంది తలెత్తకుండానే.

"మీరు లేచి వెళ్లిపోయారు కదమ్మా."

"ఏడుపొచ్చింది. మా అన్న ముందు ఏడవను నేను."

చెప్పాను, వయొలిన్లు లేకుండా. నందిని వాడి తల ఒళ్లో పెట్టుకుంటుంది, అమర్ వాడిని రెండు చేతుల మీద మోసుకుంటూ మెట్లన్నీ ఎక్కి దేవుడి ముందుకి తీసుకెళ్తాడు అన్నాను.

"మోస్తాడా?"

"మోస్తాడు."

"మా ఆయన కూడా అన్న దగ్గరే పనిచేసేవాడు. పోయినప్పుడు నా మనిషే అని చెప్పి శవాన్ని తీసుకోవడానికి ఒక్కడు రాలేదు. వస్తే పోలీసులు పట్టుకుంటారని మా అన్న కూడా రాలేదు. నేనూ, మునిసిపాలిటీ వాళ్లూ." గింజలు గిన్నెలో వేసింది. "మా వాడు మీ లైన్లో చావాలి మున్షీజీ. మా అన్న లైన్లో వద్దు."

సత్వంత్ ఆవిడ చేతిలోంచి బఠానీ కాయ తీసుకుంది. "భయపడకు అక్కా. వీళ్లకొక ఆచారం ఉంది. చచ్చే సీను తీసీ తీయగానే ఆ మనిషిని లేపి కెమెరాలోకి నవ్వమంటారు. అరిష్టం పోతుందట. ఆ ముక్క తర్వాత పారేస్తారు."

"పారేయడం దేనికి?" అంది శేవంతీబాయి. "నాకివ్వమను."

పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "రేపు మీరు రెండోది చెప్పండి. తర్వాత నేను చూసుకుంటా," అంది. ఆవిడ ఏం చూసుకుంటుంది? రేపు ఆ గదిలో కుర్చీలో కూర్చోవాల్సింది నేను.

జూలై 15, శుక్రవారం. పొద్దున్న

వీలునామా సత్వంత్‌కి చూపించాను. "పుస్తకాలన్నీ నాకే రాశారా? ఇంతకన్నా పగ ఏముంటుందండీ?" అంది. తనకి ఇంకా అర్థం కాలేదు. కాకపోవడమే మంచిది.

అదే రోజు, సాయంత్రం

బతికే ఉన్నాను.

అదే గది, అవే కుర్చీలు. రెండో కథ చెప్పాను. సూరజ్ బతికాడు, విక్కీ చచ్చాడు, దండలు మార్చుకున్నారు. తాత్యా రెండుసార్లు ఆవలించాడు.

"అంతేనా? చివర్లో మావాడేం చేస్తాడు?"

"పెళ్లి చేసుకుంటాడు."

"హాలంతా ఆ విక్కీగాడి కోసం ఏడుస్తుంటే మావాడు దండేసుకుని పక్కన నిలబడతాడా? బ్యాండుమేళం వాడిలాగా?"

"మున్షీయే రాశాడు సార్," అన్నాడు సేఠీ. వాడి జీవితం మొత్తంలో నాకు పూర్తి క్రెడిట్ ఇచ్చింది ఈ ఒక్కసారే.

తలుపు దగ్గర నుంచి శేవంతీబాయి అంది. "మొదటిది చెప్పమను అన్నా."

"నీకది వద్దు కదే? లేచి వెళ్లిపోయావ్."

"ఇప్పుడు లేవను. చెప్పమను."

తాత్యా నా వైపు చెయ్యి ఊపాడు. నా గొంతు వణికింది, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది, మందారాలు పడే చోట మాటే రాలేదు. అదంతా భయం. తాత్యా దాన్ని కళ అనుకున్నాడు. అమర్ శవాన్ని ఎత్తుకునే దగ్గరికి వచ్చేసరికి ఆయన తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. చెల్లెలి వైపు చూడలేదు. ఆవిడ మాత్రం అన్న వైపే చూస్తూ కూర్చుంది, కళ్లలో చుక్క నీళ్లు లేకుండా.

"ఇదే తీయండి," అన్నాడు తాత్యా చివరికి. సేఠీ వెంటనే, "నేను మొదట్నుంచీ అదే అంటున్నా సార్," అన్నాడు.

నేను లేవబోతుంటే తాత్యా నా భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టాడు.

"గణపతి మొక్కు నేనాపలేను. వాడేమో నా మనుషుల్ని దగ్గరికి రానివ్వడు, సందుల్లోంచి తప్పించుకుపోతాడు. నీ మాట వింటాడట. కాబట్టి విను మున్షీ. ఏ మంగళవారమైనా వాడి ఒంటి మీద గీత పడిందనుకో, నువ్వు రాసిందే జరిగిందనుకుంటా. నువ్వు రాశావు కాబట్టే జరిగిందనుకుంటా. అప్పుడు మాస్టర్ షర్బతు తీసుకుని రాడు."

జూలై 19, మంగళవారం

మిలింద్‌కి చెప్పాను. గుడిలోంచి బయటికి రాగానే అక్కడి ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చెయ్యాలని. ఎందుకన్నాడు. ఉచ్చారణ సరిచూడ్డానికి అన్నాను. నమ్మాడు వెర్రివాడు. ఫోన్లో నాలుగు మాటలు పలికించి పెట్టేశాను.

జూలై 26, మంగళవారం

చేశాడు.

ఆగస్టు 2, మంగళవారం

చేశాడు. ఆలస్యంగా. తిట్టాను.

"మన పెళ్లప్పుడు కూడా నా కోసం ఇంతలా ఎదురుచూడలేదు మీరు," అంది సత్వంత్.

"నా ప్రాణం దాని మీద ఉంది."

"ఊఁ. అందుకేనా వాడికి దగ్గొచ్చిందని మిరియాల కషాయం కాచి పెట్టమన్నారు?"

ఆడవాళ్లతో వాదన పెట్టుకోకూడదు.

ఆగస్టు 24, బుధవారం

చచ్చే సీను తీశారు. ఫిల్మ్‌సిటీలో గుడి మెట్ల సెట్టు వేశారు. మిలింద్ బాగా చచ్చాడు. ఇంతకంటే రాయను. విక్కీ వాడిని మోస్తూ మెట్లెక్కుతుంటే నిజంగానే ఏడ్చాడు. వాడికి అసూయతో వచ్చిన ఏడుపు అది, నాకు తెలుసు.

తర్వాత నవ్వే షాటు. లేచాడు గానీ కుర్రాడికి నవ్వు రావడం లేదు. వీపంతా రంగు నెత్తురు, ఒళ్లు వణుకుతోంది. "చాల్లే, ఫిల్ము దండగ," అన్నాడు సేఠీ.  ఆ నవ్వు లేకుండా సెట్టు నుంచి ఎవరూ కదలడానికి వీల్లేదని అరిచాను. నలభై ఏళ్లుగా ఆ ఆచారాన్ని వెక్కిరించినవాణ్ని. కెమెరా వెనక్కి వెళ్లి సేఠీ ఎలా నడుస్తాడో, ఎలా కళ్లజోడు తుడుస్తాడో చేసి చూపించాను. యూనిట్ మొత్తం పగలబడి నవ్వింది. అప్పుడు వాడూ నవ్వాడు. సేఠీ నాతో మాట్లాడటం మానేశాడు. ఏళ్ల తరబడి కోరుకున్నది ఇన్నాళ్లకు దక్కింది.

ఆ ఫిల్ము ముక్క కడిగించి శేవంతీబాయికి పంపాను.

సెప్టెంబరు 13, మంగళవారం

చేశాడు.

సెప్టెంబరు 20, మంగళవారం

చేశాడు. పరేల్ దగ్గర నిన్న ఎవరినో కాల్చారని పేపర్లో ఉంది. బండి మీద ఇద్దరు. తాత్యా మనుషులో, అవతలివాళ్లో రాయలేదు. సత్వంత్ కంటపడకుండా పేపరు మడిచి పరుపు కింద పెట్టాను.

సెప్టెంబరు 27, మంగళవారం

ఫోన్ రాలేదు.

పన్నెండయింది. రాలేదు. రిసీవరు ఎత్తి చూశాను, పనిచేస్తోంది. గావ్డే మాస్టరు ఏ మెట్ల మీద నుంచి వస్తాడో ఆలోచిస్తున్నానని అనుకున్నాను. కాసేపటికి చూస్తే మెట్ల గురించి ఆలోచించడం లేదు. ఇక్కడ కూర్చోలేను.

తర్వాత

టాక్సీలో ప్రభాదేవి వెళ్లాను. నేను గుడికి వెళ్తున్నానంటే సత్వంత్ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

పూలకొట్టు దగ్గర ఉన్నాడు. ఎవరో ముసలావిడకు క్యూలో చోటు పట్టుకుని నిలబడ్డాడట. ఫోన్ బూత్ మూసి ఉందట.

"మీరా! గుడికా! మున్షీజీ, మీరు దేవుణ్ని నమ్మరు కదా?"

"నిన్ను నమ్మి వచ్చాను గాడిదా. వేరే బూతే లేదా ఈ ఊళ్లో?"

"ఉచ్చారణ కోసం ఇంత దూరం వచ్చారా?"

 లాల్‌బాగ్ వైపు ఇద్దరం నడవడం మొదలుపెట్టాం. వాడు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంకో నిర్మాత కబురు పెట్టాడట, అందులోనూ చావే ఇస్తాడట. వెనక మోటారుసైకిలు చప్పుడు. మా దగ్గరికి వచ్చేసరికి మెల్లగా అయింది. మీద ఇద్దరు. వెనకవాడి చెయ్యి చొక్కా కింద ఉంది. నా కాళ్లు ఎప్పుడు కదిలాయో నాకు తెలియదు. వెనకవాడు చొక్కా కిందినుంచి చిరునామా కాగితం తీసి, దాదర్ టీటీకి దారెటు అని అడిగాడు.  నా భుజం మీదుగా తొంగి చూసి మిలిందే చెప్పాడు.

వాళ్లు వెళ్లిపోయారు. నేను వాడికీ రోడ్డుకీ మధ్యలో నిలబడి ఉన్నాను. వాడి చెయ్యి నా గుప్పిట్లో ఉంది. వదిలేశాను.

"అలా చెమటలు పడుతున్నాయేంటి మున్షీజీ?"

"ఎండ."

అక్టోబరు 4, మంగళవారం

ఫోన్లను నమ్మడానికి లేదు. ఇక నుంచి నేనే వెళ్తానని చెప్పాను. పొద్దున లాల్‌బాగ్ చేరుకుని వాడితో పాటు నడిచాను. చెప్పులు విప్పలేదు, నాకు మొక్కులేమీ లేవు. వాడు అలవాటు ప్రకారం రోడ్డు వైపు నడవబోతే, గోడ వైపుకి రమ్మన్నాను. ఎందుకని అడిగాడు. నాకు ఒక చెవి సరిగా వినబడదు, అటైతేనే నీ మాట తెలుస్తుంది అన్నాను.

నా చెవులు రెండూ బాగానే ఉన్నాయి.